డబ్బా మాత్రం పంపుతున్నాను

ఫహాహీల్,
కువైట్.
జుమ్మా రోజు, మే నెల, 2016.

అన్నయ్య బుజ్జిబాబుకి చెల్లెలు లక్ష్మీదుర్గ రాసేది.

నేనిక్కడ క్షేమం. అక్కడ మీరంతా క్షేమమని నీ ఉత్తరంలో రాశావు. రాసింది నువ్వు కనక వెంటనే నమ్మలేదు. ఉత్తరం తెచ్చిన అచ్చిబాబుని కూర్చోబెట్టి విడివిడిగా అడిగాను. వదిన ఎలా ఉంది, పిల్లలు బడికి వెళ్తున్నారా, నీకు బీపీ మందులు వేసుకోవడం గుర్తుంటోందా అని. అందరూ బాగున్నారని అతను ఒట్టేసి చెప్పాక, సరే క్షేమమే అనుకున్నాను. మన ఇంటి క్షేమం ఊళ్ళోవాళ్ళని అడిగి తెలుసుకునే స్థితికి తెచ్చావు నన్ను.

ఈ ఉత్తరంలో నిన్ను ఒకటి అడగాలి. అది నీకు తప్ప ఈ భూమ్మీద ఇంకెవరికీ తెలియదు, అందుకని నిన్నే అడగాలి. కానీ ముందు నిన్ను తిట్టాలి. తిట్టకుండా అడిగితే నేను మెత్తబడ్డానని అనుకుంటావు. మెత్తబడలేదు. అచ్చిబాబు ఎల్లుండి బయల్దేరుతున్నాడు కాబట్టి తిట్టడానికి కావలసినంత టైముంది.

ఫోన్ ఎందుకు ఎత్తడం లేదని అడిగావు. ఎత్తకపోవడం కాదు, నీ నంబరే ఆపేశాను. "వీడియోలు చూశాను" అని ఒక్క మెసేజ్ పెట్టి ఆపేశాను. నీ గొంతు వింటే చాలు, "టికెట్ తీసేసుకుందమ్మా" అని నువ్వు అమ్మతో అన్న మాటే వినపడుతుంది నాకు. ఉత్తరమైతే నీ గొంతుండదు, నువ్వు మధ్యలో అడ్డుపడి ఏడవనూలేవు. నీకు ఏడుపు తొందరగా వస్తుంది, చిన్నప్పట్నుంచీ అంతే. నీ ఏడుపు చూసి ఎదుటివాళ్ళు ఊరుకోవాలి.

నువ్వు పంపిన మాగాయ అందింది. తినకుండా రూములోవాళ్ళకి పంచేశానని రాద్దామనుకున్నాను. తిన్నాను. అది వదిన పెట్టింది, నువ్వు పెట్టింది కాదు.

ఇక డిస్కు సంగతి. "నీకు ఆ వీడియోలు ఎక్కడ దొరికాయి, నేను తీసేశాను కదా" అని రాశావు. చూడు, ముందు అడిగిన మాట అది. ఎందుకు దాచానా అని కాదు, ఎలా దొరికాయా అని. చెప్తాను, మొదట్నుంచీ చెప్తాను.

పోయినేడు అమ్మ పోయిందని నువ్వు ఫోన్ చేసేసరికి దహనం కూడా అయిపోయింది. "పొద్దున్న కాఫీ తాగి అరుగు మీద కూర్చుందే, అలాగే ఒరిగిపోయింది" అన్నావు. నేను వస్తానంటే, "ఇప్పుడొచ్చి ఏం చూత్తావే, పెద్దకార్యం అంతా వీడియో తీయించి పంపుతాను" అన్నావు. మన వైపు గల్ఫులో ఉన్నవాళ్ళకి ఇదొక మర్యాద అయిపోయింది కదా. పెళ్ళయినా చావయినా వీడియో పంపేస్తే వాళ్ళూ వచ్చినట్టే. నేను సరేనన్నాను. మా టైలరింగ్ షాపు మామా, ఇక్కడ యజమానురాలిని అలాగే పిలుస్తాం, నన్ను కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి, మీ అమ్మకి ఏమైందని అడిగితే, "అదృష్టవంతురాలు మామా, మంచం పట్టకుండా పోయింది" అని చెప్పాను. అరబ్బీలో ఆ మాట ఎలా చెప్పాలో తెలియక చేతులతో చూపించి మరీ చెప్పాను. వచ్చిన ప్రతి కస్టమరుకీ అదే చెప్పాను.

తర్వాత నువ్వు అచ్చిబాబు చేత డిస్కు పంపావు. నీ నెట్ సెంటర్లో కంప్యూటర్‌కి పెద్ద డిస్కు కొని, అందులోంచి తీసిన పాత ఎస్సెస్డీని అరచేతిలో పట్టే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, వైరు తగిలించి పంపావు. పెద్దకార్యం వీడియో ఉంది, మిగతా అంతా ఖాళీయే, నీకు కావలసినవి వేసుకో అన్నావు. దాన్ని చేతిలో పట్టుకుంటే అగ్గిపెట్టెంత బరువు కూడా లేదు. మా రూములో ఉండే భాగ్యలత, జగిత్యాల అమ్మాయి, దాన్ని ల్యాప్‌టాప్‌కి పెట్టి చెవి దగ్గర పెట్టుకుంది. "సప్పుడే రావట్లేదక్కా, పాడైనట్టుంది" అంది. వీటికి చప్పుడుండదని, పాతవాటిలా లోపల తిరిగేది ఏమీ లేదని నువ్వు చెప్పింది ఆమెకి చెప్పాను. నా అన్నయ్యకి అన్నీ తెలుసని గొప్పగా చెప్పాను.

పెద్దకార్యం ఒకసారి చూశాను. నువ్వు గుండుతో బాగా చిక్కిపోయినట్టు కనిపించావు. పాపం అనుకున్నాను. ఆ పాపం వెనక్కి తీసుకుంటున్నాను.

ఇక్కడ జుమ్మా, అంటే శుక్రవారం సెలవు, వచ్చిందంటే రూములన్నీ సినిమా హాళ్ళే. ఎవరి దగ్గర డిస్కు ఉంటే వాళ్ళది రూము రూముకీ తిరుగుతుంది. ఒకళ్ళు సినిమాలు ఎక్కిస్తారు, ఇంకొకళ్ళు దింపుకుంటారు. మన డిస్కు కూడా అలాగే తిరిగింది. ఫహాహీల్లో మూడు రూములు, అర్దియాలో భాగ్యలత వాళ్ళ పిన్ని ఇల్లు. నేనూ తోచినవన్నీ ఎక్కించాను. నువ్వు కొన్న చవక డబ్బాకి వైరు పెట్టే చోటు వదులైపోయింది. ఒక జుమ్మా రోజు సినిమా సగంలో ఉండగా బొమ్మ ఆగిపోయింది. వైరు ఊపి మళ్ళీ పెడితే, ఈ డిస్కు వాడాలంటే ఫార్మాట్ చెయ్యాలని కంప్యూటర్ అడిగింది. భాగ్యలత ఏదో ఒకటి ఒత్తడం అలవాటు కాబట్టి ఒత్తేసింది. "అడుగుతుందని ఒత్తిన అక్కా, గిట్లయితదని నాకేం ఎరుక" అని తర్వాత ఎంత ఏడ్చిందో. పెద్దకార్యం కూడా పోయింది. ఆ పిల్లతో వారం మాట్లాడలేదు. ఇప్పుడు తలుచుకుంటే ఆ పిల్లకి నేను దణ్ణం పెట్టాలి.

మా షాపు కింద కంప్యూటర్లు బాగుచేసే కొట్టుంది. అబ్దుల్ ఖుద్దూస్ అని రాయచోటి వాడు. డిస్కు తీసుకెళ్ళి, ఇందులో మా అమ్మ పెద్దకార్యం ఉంది, ఎలాగైనా తీసిపెట్టమన్నాను. వాడు ఒక ప్రోగ్రామ్ పెట్టి వదిలేశాడు. సాయంత్రం వెళ్తే స్క్రీన్ నిండా పేర్లు. సినిమాలున్నాయి, పెద్దకార్యం ఉంది. వాటి కింద నేనెప్పుడూ ఎక్కించనివి, ఫోన్లో తీసిన వీడియోలు, తారీఖులే పేర్లుగా ఉన్నాయి.

"ఇవేందక్కా?" అన్నాడు.

"ఏమో, మా అన్నయ్యవి అయ్యుంటాయి. తీసేశానన్నాడే."

"తీసేసినా ఉండాయి సూడు. ఇది కంప్యూటర్ లోపల ఉన్నెప్పుడు తుడిచింటే ఎప్పుడో ఖలాస్. నీ అన్న ఈ డబ్బాలో పెట్టినాక తుడిచినట్టుండాడు. ఈ సస్తా డబ్బాలు తుడిచేయమన్న మాట లోపలికి సెప్పవక్కా. పైన పేరు మాత్రం కొట్టేస్తాయి. సరుకు ఆడనే ఉంటాది."

విన్నావా అన్నయ్యా? నెట్ సెంటర్ పెట్టి ఊరందరి కంప్యూటర్లూ నువ్వే బాగుచేస్తావు. చెయ్యకూడని పని కూడా సరిగ్గా చెయ్యలేకపోయావు.

వాడు మొదటిదాని మీద నొక్కాడు. అమ్మ. అరుగు మీద కాదు. ఆసుపత్రి మంచం మీద, చేతికి సూది, పక్కన సీసా. తారీఖు చూశాను. నువ్వు అమ్మ ఒరిగిపోయిందని చెప్పిన రోజుకి మూడు వారాల ముందు తారీఖు. అబ్దుల్ ఖుద్దూస్ నా మొహం చూసి, నమాజుకి పోయొస్తానని లేచి వెళ్ళాడు. అప్పుడు నమాజు వేళ కాదు.

ఇప్పుడు నీ ఉత్తరంలో రాసిన కారణాలకి వస్తాను. అమ్మే చెప్పొద్దంది అని రాశావు. నిజమే. ఆ మొదటిదాంట్లో అమ్మ అంటుంది, నేను విన్నాను. "చిన్నదానికి సెప్పకురా, అక్కడ ఒక్కత్తీ కంగారు పడిపోద్ది" అంటుంది. నీకు ఆ ఒక్కటే గుర్తుంది. దాని తర్వాతవి నీకు గుర్తు లేవా, నువ్వే తీశావు కదా? రెండోదాంట్లో అమ్మ నా ఊసెత్తలేదు. మూడోదాంట్లో నీ చెయ్యి పట్టుకుని, "దుర్గమ్మని ఒక్కసారి వచ్చి చూసెళ్ళమనరా" అంది. దానికి నువ్వు ఏమన్నావో రాయనా? "టికెట్ తీసేసుకుందమ్మా. శుక్రవారానికి వచ్చేత్తది" అన్నావు. ఎంత బాగా అన్నావంటే, ఒక్క క్షణం నేనూ నమ్మాను. నిజంగా టికెట్ తీసుకున్నానేమో అనిపించింది.

ఇఖామా రెన్యువల్‌లో ఉంది, వస్తే ఇరుక్కుపోతావని ఆలోచించాను అని రాశావు. నా ఇఖామాకి, ఇక్కడ ఉండే పర్మిట్‌కి, స్టాంపు పడింది అంతకు ముందే. ఫోటో తీసి నీకే పంపాను. నువ్వు బొటనవేలు బొమ్మ కూడా పెట్టావు, ఫోన్లో ఇంకా ఉంది, కావాలంటే చూడు. మా మామా రెండు రోజుల్లో పంపించేది. ఈమధ్య సంగతంతా తెలిశాక, "లేష్? నాకెందుకు చెప్పలేదు?" అని నన్నే కోప్పడింది. నాకే తెలియదని ఆమెకి చెప్పడానికి సిగ్గేసింది. అన్నయ్య చెప్పలేదంటే, మీ అన్నయ్య నీకు శత్రువా అని అడుగుతుంది.

నువ్వు చెడ్డవాడివని నేను అనుకోవడం లేదు. చెడ్డవాడివైతే బాగుండేది, వదిలేసేదాన్ని. ప్రతి వీడియోలోనూ నీ గొంతు వెనక నుంచి, "ఇటు చూడమ్మా, దుర్గ చూత్తది" అంటుంది. నా కోసమే తీశావు. ఇవాళ పంపుదాం, రేపు పంపుదాం అని దాచావు, అమ్మ పోయాక పంపడానికి నీకు ముఖం చెల్లలేదు. అంతే కదా? నువ్వు రాయకపోయినా నాకు తెలుసు. నువ్వు బళ్ళో దెబ్బలు తిని ఇంటికొచ్చినా ఇలాగే పక్కమీద దుప్పటి కప్పుకుని పడుకునేవాడివి. అప్పుడు నీ తరఫున అమ్మకి చెప్పింది నేను. నాకు చెప్పడానికి ఎవరూ లేకపోయారు.

వదినకి ఒక మాట చెప్పు. ఇది మాత్రం పైకి చదివి వినిపించు. శుక్రవారం పొద్దున్న వీడియోలో, ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చేసిన అమ్మకి వదిన తల దువ్వి జడ వేస్తోంది. ఉతికిన నేత చీర కట్టింది, కనకాంబరాలు పెట్టింది. వీధిలో ఆటో చప్పుడైనప్పుడల్లా అమ్మ తల తిప్పుతుంటే, జడ చేతిలోంచి జారిపోయి వదిన మళ్ళీ మొదలుపెడుతోంది. ఒకసారి తలెత్తి నీ వైపు చూసి, "ఏవండీ, ఇప్పుడైనా సెప్పెయ్యండి" అంది. నువ్వు దగ్గావు. వదినా, నువ్వు వేసిన ఆ జడ చాలా బాగుంది. నీ మీద నాకు కోపం లేదు. ఉంది కానీ కొంచెమే.

ఆ ముందురోజు నేను ఫోన్ చేశాను, గుర్తుందా? "అమ్మ పడుకుందే" అన్నావు. "లేపొద్దులే" అన్నాను. శుక్రవారం అమ్మ ఆటోల చప్పుడు వింటున్న టైములో నేనిక్కడ రూములో సినిమా చూస్తూ పకోడీలు తింటున్నాను. తప్పు నాదని నేను అనుకోవాలని నీ ఉద్దేశం కాకపోవచ్చు. కానీ పకోడీ వాసన వస్తే ఇప్పుడు రూములోంచి లేచి బయటికి వెళ్ళిపోతున్నాను. దీనికి కూడా నిన్నే తిడుతున్నాను.

ఇంక అడగాల్సింది అడుగుతాను. ఇది ఇంతసేపు రాయకుండా లాక్కొచ్చాను.

చివరి వీడియో శుక్రవారం సాయంత్రానిది. వసారాలో నులకమంచం మీద అమ్మ. పూలు వాడిపోయాయి. ఆటోలు వచ్చి పోయాయి, నేను రాలేదు. అమ్మ వీధి వైపు చూడటం మానేసి నేరుగా నీ ఫోన్లోకి చూసింది. నా వైపు చూసినట్టే ఉంది. ఏదో చెప్పింది. పెద్ద మాట కాదు, ఒకటి రెండు మాటలు. పెదవులు రెండుసార్లు కలిసి విడిపోతాయి. ఆ వెంటనే నీ ఫోన్ జారింది. నేల కనపడుతుంది, నీ పాదాలు కనపడతాయి. నువ్వు ఫోన్ తియ్యలేదు, కదల్లేదు. అయిపోయేవరకూ పాదాలే.

దానికి గొంతు రాలేదు అన్నయ్యా. మిగతా అన్నిటికీ వచ్చింది, దానికి రాలేదు. ఎందుకని ఖుద్దూస్‌ని అడిగితే మొదట నసిగాడు. "తుడిచిన సోటు ఖాళీ అనుకోని కొత్తవి దాని మీదనే ఎక్కేస్తాయక్కా. దీని మీద ఏదో సినిమా ఎక్కినట్టుండాది. బొమ్మ మిగిలింది, గొంతు మిగల్లేదు. అట్లెందుకో నాకూ తెలీదు" అన్నాడు.

ఆ సినిమా ఎక్కించింది నేనే. రూములు తిరిగినప్పుడు ఎవరో ఎక్కించారని ఖుద్దూస్‌తో చెప్పాను, భాగ్యలతతో కూడా అదే చెప్పాను. నేనే. షాపు నుంచి వచ్చి, బుర్ర వేడెక్కి ఉంది, నవ్వుకోడానికి ఏదైనా కావాలని ఒక కామెడీ సినిమా అడిగి మరీ ఎక్కించుకున్నాను. కింద అమ్మ మాట ఉందని నాకు తెలియదు. తెలియకుండా చేసింది నువ్వు, కానీ నొక్కింది నా వేలు. నీకు రాయకూడదనుకున్నాను, ఇది చదివి నువ్వు ఊపిరి పీల్చుకుంటావని. పీల్చుకో.

ఆ వీడియో రోజూ చూస్తున్నాను. భాగ్యలత పక్కన కూర్చుని, "పైలం బిడ్డా అంటున్నదక్కా" అంటుంది. జాగ్రత్త అనడానికి వాళ్ళ వైపు మాట అది, అమ్మకి ఆ మాటే రాదు. ఖుద్దూస్ చూసి, "నా బిడ్డ ఏదీ అంటాండాది" అన్నాడు. ఎవరికి వాళ్ళ అమ్మలే కనపడుతున్నారు. నాకు ఒకరోజు "వచ్చావా" అన్నట్టుంటుంది, ఇంకోరోజు "రావొద్దులే" అన్నట్టుంటుంది. ఒకరోజు తిట్టినట్టు కూడా అనిపించింది. తిట్టినా ఫర్వాలేదు, నన్నే తిట్టింది కదా అనుకున్నాను. అమ్మ చివరగా నాకు చెప్పిన మాట నీ ఒక్కడి చెవిలోనే ఉంది. ఇంత కోపంలోనూ నీకే ఉత్తరం రాయాల్సి రావడం అందుకే.

డిస్కు తిరిగి పంపు, నేను బాగుచేసి ఇస్తాను అని రాశావు. డబ్బా మాత్రం పంపుతున్నాను. అచ్చిబాబు సంచిలో, ఈ ఉత్తరం చుట్టిన పొట్లంలో ఉంది. ఊపి చూడకు, లోపల ఏమీ లేదు. మరలు విప్పి డిస్కు తీసి నా పెట్టెలో పెట్టుకున్నాను. దాన్ని బాగుచేసేంత తెలివి నీకు లేదు, ఉన్నా నీ చేతికివ్వను.

సంవత్సరీకానికి వస్తావా అని అడిగావు. మామా సెలవిచ్చింది. ఈసారి టికెట్ నిజంగానే తీసుకుంటాను. కానీ తీసుకునే ముందు నాకు ఆ మాట కావాలి. అమ్మ ఏమందో కాగితం మీద రాసి, అంటించి, అచ్చిబాబు చేతికివ్వు. అతను పదిరోజుల్లో తిరిగొస్తాడు. నాకు బాగుంటుందని మార్చి రాయకు. నీకు బాగుంటుందని అసలే మార్చకు. గుర్తులేదని రాయకు. గుర్తులేనివాడివైతే ఫోన్ జారేది కాదు.

ఆ కవరు విప్పి, వీడియో పెట్టుకుని, నువ్వు రాసిన మాట పైకి చదువుతాను. అమ్మ పెదవులు ఎక్కడ కలుస్తాయో, ఎక్కడ విడిపోతాయో నాకు కంఠతా వచ్చు. కలిసిందా, ఆ వారమే వస్తాను, పిండం పెట్టేటప్పుడు నీ పక్కనే కూర్చుంటాను. కలవలేదా, అది కూడా అబద్ధమే అయిందా, ఇంక నువ్వు నాకు ఏమీ రాయనక్కర్లేదు.

పిల్లలకి చాక్లెట్లు అచ్చిబాబు దగ్గరున్నాయి. నీ మందులు వేళకి వేసుకో.

ఇట్లు,
శుక్రవారానికి రాలేకపోయిన
నీ చెల్లెలు,
లక్ష్మీదుర్గ